క్రిస్మస్‌కి ఏ క్రూజ్? ఊళ్ల పేర్లు పక్కన పెట్టి ఆ నెల సముద్రాన్ని చూడండి

ప్రశ్న: మాది తిరుపతి. పాపకు 14, బాబుకు 9. ఇద్దరూ మిషనరీ బడిలో చదువుతున్నారు, అందుకని సంక్రాంతికన్నా క్రిస్మస్‌కే ఎక్కువ సెలవులు. ఈసారి అత్తయ్యగారిని కూడా తీసుకుని ఐదుగురం క్రూజ్‌కి వెళ్దామని మావారు పట్టుబట్టారు. ఏజెంటు మూడు ప్యాకేజీలు చూపించాడు. ఒకటి, ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లి రావడం, 4 రాత్రులు. రెండు, సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్, డిసెంబరు 23 నుంచి 27 దాకా, 4 రాత్రులు. మూడు, సింగపూర్ నుంచి వియత్నాం, అక్కడ ఫూ మై, న్యా ట్రాంగ్, 22 నుంచి 28 దాకా, 6 రాత్రులు. రోజు లెక్కన చూస్తే మూడోదే చవక, అదే తీసుకోమంటున్నాడు. అత్తయ్యగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, బీపీ. ఉల్లి, వెల్లుల్లి తినరు. నాకు తిరుమల ఘాట్ రోడ్డెక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రెండోది తీసుకోండి. మీరు ఉత్తరం చివర్లో రాసిన రెండు సంగతులే, అంటే అత్తయ్యగారి మోకాళ్లూ ఘాట్ రోడ్డులో తిప్పే మీ కడుపూ, ఈ మూడింటిలో మీకు ఏది నప్పుతుందో తేల్చేస్తున్నాయి. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఊళ్ల పేర్లుంటాయి, నీలం నీళ్ల ఫొటోలుంటాయి. డిసెంబరు ఆఖరి వారంలో ఆ నీళ్లు ఎలా ఉంటాయి, ఓడ గట్టుకు ఆనుతుందా, దూరంగా లంగరేస్తుందా, ఊళ్లో మీ చేతికి నికరంగా ఎన్ని గంటలొస్తాయి అన్నవి అందులో ఉండవు. అడిగి తెలుసుకోవాల్సినవి అవే.

ముందు గాలి సంగతి. నవంబరు, డిసెంబరుల్లో మన చిత్తూరు, తిరుపతి వైపు వానలు కురిపించేది ఈశాన్య రుతుపవనం. ఆ నెలల్లోనే దక్షిణ చైనా సముద్రం మీద కూడా గాలి ఈశాన్యం నుంచే వీస్తుంది. అక్కడ దానికి అడ్డుగా నేల లేదు. వందల మైళ్లు నీళ్ల మీద పరుగెత్తి అలలను పెంచుకుంటూ వస్తుంది. గాలి ఊపందుకున్న రోజుల్లో మూడు మీటర్లు దాటిన అలలు అక్కడ వింతేమీ కాదు. మీ మూడో ప్యాకేజీ వెళ్లేది సరిగ్గా ఆ నీళ్ల మీదే. సింగపూర్ నుంచి వియత్నాం పోయేటప్పుడు ఓడ ముక్కు ఈశాన్యానికే ఉంటుంది, అంటే అలకు ఎదురెక్కుతుంది. పెద్ద ఓడలకు నీటి అడుగున స్టెబిలైజర్లని రెక్కల్లాంటివి ఉంటాయి. పక్కలకు ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి కానీ ముక్కు లేచి పడే ఊపును ఆపలేవు. ఘాట్ రోడ్డు మలుపులు గంటలోపే అయిపోతాయి. ఇక్కడ వెళ్లేటప్పుడు రోజున్నర, వచ్చేటప్పుడు అంతకన్నా ఎక్కువ. రోజు లెక్కన చవక అన్న మాట నిజమే కావచ్చు. ఆ చవక రోజుల్లో సగానికి పైగా సముద్రం మీదవే, అదీ ఏడాదిలో ఆ సముద్రం బాగా లేచే కాలంలో.

రెండో ప్యాకేజీ నడిచేది మలక్కా జలసంధిలో. సింగపూర్ దాటాక ఎడమ వైపు సుమత్రా, కుడి వైపు మలేషియా. రెండు పక్కలా నేల కాపు ఉంది కాబట్టి అదే ఈశాన్య గాలి మలేషియా కొండలు దాటి వచ్చేసరికి చాలా బలం పోగొట్టుకుంటుంది. ఫుకెట్ కూడా థాయిలాండ్‌కి పడమటి ఒడ్డున ఉంది. డిసెంబరులో అక్కడ గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, ఒడ్డున నీళ్లు శాంతంగా ఉంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొడి కాలం. అదే ఫుకెట్‌కి జూన్, జూలైల్లో వెళ్లాలనుకుంటే వద్దని చెప్పాల్సి వచ్చేది. సింగపూర్‌లో మాత్రం డిసెంబరు వానలు గట్టిగా పడతాయి, గొడుగులు పెట్టుకోండి.

లక్షద్వీప్ సముద్రం కూడా డిసెంబరులో మంచిదే. ఈశాన్య గాలి భారతదేశపు నేల దాటి వస్తుంది కాబట్టి అరేబియా సముద్రం ఆ వైపు ప్రశాంతంగా ఉంటుంది. 2017 డిసెంబరు మొదట్లో ఓఖీ తుపాను లక్షద్వీప్‌ను తాకింది కానీ అలాంటివి అరుదు. పాస్‌పోర్టు, వీసా గొడవ లేకపోవడం దీని పెద్ద సుఖం. ద్వీపాలకు కావాల్సిన ఎంట్రీ పర్మిట్ సాధారణంగా క్రూజ్ వాళ్లే ఏర్పాటు చేస్తారు, మీరు గుర్తింపు కార్డులు ఇస్తే చాలు. దీన్ని పక్కన పెట్టమనడానికి కారణం వేరే ఉంది. ముంబై నుంచి లక్షద్వీప్‌లోని అగట్టి దాకా సుమారు 900 కిలోమీటర్లు. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పోతే మధ్యలో నేల మీద దిగేది ఒక్క పూట. ఆ ఒక్క పూటకు పెద్ద ఓడ ఆనే గట్టు అక్కడ లేదు. పగడపు దిబ్బ బయట లంగరేసి చిన్న పడవల్లో తీసుకెళ్తారు. ఆ రోజు నీళ్లు కాస్త లేచినా, అత్తయ్యగారు పడవెక్కలేకపోయినా, యాత్రంతా ఓడలోనే అయిపోతుంది.

ఈ పడవ సంగతి మీకు వివరంగా తెలియాలి. దీన్ని టెండర్ బోటు అంటారు. ఓడ కింది అంతస్తులో పక్కన చిన్న తలుపు తెరుస్తారు. దాని ముందు చిన్న వేదిక, దాన్ని ఆనుకుని పడవ. ఓడ కదలదు, పడవ మాత్రం అలతో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. ఒకసారి వేదికకు సమానంగా వస్తుంది, మరుక్షణం ఒక అడుగు కిందికి జారుతుంది. ఇటొకరు, అటొకరు సిబ్బంది మోచేతుల దగ్గర పట్టుకుని, పడవ సమానంగా వచ్చిన క్షణంలో అడుగెయ్యమంటారు. మనిషి తన కాలు తానే వెయ్యాలి, ఎత్తి దింపరు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు లేచి ఆ ఒక్క అడుగు వెయ్యలేకపోతే చాలా ఓడల్లో దిగనివ్వరు. అత్తయ్యగారికి ఇంటి దగ్గరే ఒక పరీక్ష పెట్టండి. కొండకు పోయే ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఉంది కదా, ఎవరూ పైనుంచి లాగకుండా, కమ్మీ పట్టుకుని తనంతట తాను ఆ మెట్టెక్కి దిగగలిగితే, నీళ్లు నిలకడగా ఉన్న రోజు టెండర్ కూడా ఎక్కగలరు. లేదంటే ఆశ పెట్టుకోవద్దు.

రెండో ప్యాకేజీలో ఇది సగం సమస్యే. పెనాంగ్‌లో ఓడ జార్జ్ టౌన్ నడిబొడ్డున స్వెటెన్‌హామ్ రేవులో గట్టుకు ఆనుతుంది. ఓడకూ గట్టుకూ మధ్య వేసే వంతెన, అంటే గ్యాంగ్‌వే, మీద నడుచుకుంటూ దిగొచ్చు, చక్రాల కుర్చీ కూడా దిగుతుంది. ఫుకెట్‌లో కొన్ని ఓడలు లోతైన రేవుకు ఆనుతాయి, చాలా ఓడలు పటాంగ్ తీరం ముందు లంగరేసి టెండర్లలో దింపుతాయి. మీ తేదీకి ఏదో ఏజెంటు చేత ఈ-మెయిల్లో రాయించుకోండి. ‘ఫుకెట్’ అని రాస్తే సరిపోదు, రేవా లంగరా అన్నది రాయాలి. టెండరే అయినా డిసెంబరులో పటాంగ్ నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి కాబట్టి రద్దయ్యే భయం తక్కువ. న్యా ట్రాంగ్‌లో కూడా పెద్ద ఓడలు సాధారణంగా లంగరే వేస్తాయి. ఆ ఒడ్డు ఈశాన్య గాలికి ఎదురుగా ఉంది, తేడా అక్కడే వస్తుంది. వాతావరణం బాగాలేక కెప్టెన్ ఒక ఊరు వదిలేస్తే రేవు పన్ను లాంటివి మాత్రమే వెనక్కిస్తారు, టికెట్ డబ్బు ఇవ్వరు. ఒప్పందంలో ఆ షరతు ముందే ఉంటుంది. వదిలేయాల్సి వచ్చినప్పుడు మొదట పోయేవి టెండర్ ఊళ్లే.

ఇప్పుడు గంటల లెక్క. ఓడలు మామూలుగా 16 నుంచి 20 నాట్ల వేగంతో పోతాయి, అంటే గంటకు 30 నుంచి 37 కిలోమీటర్లు. సింగపూర్ నుంచి పెనాంగ్ సముద్ర మార్గాన సుమారు 700 కిలోమీటర్లు. సాయంత్రం 5కి బయలుదేరితే మర్నాడు మధ్యాహ్నం 2, 3 గంటలకు గానీ చేరదు. మీ కాగితంలో అలాగే ఉంటే కంగారు పడకండి, సాధారణంగా రాత్రి 10 దాకా ఆగుతుంది. రేవు నుంచి బయటికి రాగానే విక్టోరియా రాణి గడియారపు గోపురం కనిపిస్తుంది. 1897లో ఆమె పాలన 60 ఏళ్లు నిండిన గుర్తుగా ఏడాదికో అడుగు చొప్పున 60 అడుగులు కట్టారు. అక్కడి నుంచి లిటిల్ ఇండియా నడిచేంత దూరం. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది, పెనాంగ్‌లో అన్నిటికన్నా పాత హిందూ దేవాలయం అదే. మన గుళ్లలాగే మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, మీరు దిగే వేళకు సరిపోతుంది. అత్తయ్యగారికి ధనుర్మాసంలో గుడి, ఆ చుట్టుపక్కల ఇడ్లీ, దోసె దొరికే దక్షిణాది హోటళ్లు. ఈ ఊరు ఆవిడ కోసమే అన్నట్టుంటుంది. ఆ రోజు టూర్ బస్సులేమీ బుక్ చెయ్యకండి, డబ్బు దండగ.

ఫూ మై సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆ రేవు నుంచి హో చి మిన్ నగరం 70 కిలోమీటర్ల పైమాటే, బస్సులో ఒక్కో వైపు దాదాపు రెండు గంటలు. ఓడ పది గంటలు ఆగినా నాలుగు గంటలు బస్సులోనే పోతాయి. ఓడ కదిలే సమయానికి అరగంట, గంట ముందే అందరూ లోపల ఉండాలి, అదీ తీసెయ్యండి. పైగా వియత్నాంకి మనకు ఈ-వీసా కావాలి, ఒక్కసారి ప్రవేశానికి మనిషికి 25 డాలర్లు. ఐదుగురికి 125.

ఇక క్రిస్మస్. ఏ రోజు ఓడ ఎక్కడుంటుందో చూసుకోండి. మీ లెక్కన 24న పెనాంగ్, 25న ఫుకెట్, 26న సముద్రం మీద. ఓడలో క్రిస్మస్ సంబరమంతా 24 రాత్రి, 25 ఉదయం ఉంటుంది. నడిమి హాల్లో పెద్ద చెట్టు, కేరల్స్, ప్రత్యేక విందు, పిల్లలకు శాంటా. చాలా ఓడల్లో ప్రార్థన కూడా పెడతారు. పెనాంగ్‌లో రాత్రి 10 దాకా ఊళ్లోనే ఉంటే 24 విందు పోతుంది. కాబట్టి పెనాంగ్‌లో 3కి దిగి 7కల్లా ఓడెక్కేయండి, నాలుగు గంటలు ఆ ఊరికి చాలు. విందు 24నా 25నా అన్నది కూడా ఏజెంటును అడగండి, 25న అయితే పెనాంగ్‌లో ఇంకో రెండు గంటలు తిరగొచ్చు. 25 ఉదయం శాంటా వచ్చే గంట ఓడలోని ఆ రోజు కార్యక్రమాల పట్టికలో ఉంటుంది. మీవాడికి తొమ్మిదేళ్లు, వాడికి అది ముఖ్యం. ఫుకెట్‌లో మొదటి టెండర్లకు ఎలాగూ తోపులాట ఉంటుంది. శాంటాను చూపించి, 11 తర్వాత ఖాళీగా ఉన్న పడవలో వెళ్లండి. థాయిలాండ్‌లో క్రిస్మస్ ప్రభుత్వ సెలవు కాదు, బజార్లన్నీ తెరిచే ఉంటాయి.

ఫుకెట్‌లో ఒక ప్రమాదం ఉంది, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. సింగపూర్, మలేషియాల గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. థాయిలాండ్ ఒకటిన్నర గంటే ముందు, అంటే సింగపూర్‌కన్నా గంట వెనక. ఓడ తన గడియారాన్ని సింగపూర్ టైములోనే ఉంచితే, ఒడ్డున దిగగానే మీ ఫోను తనంతట తాను గంట వెనక్కి మారిపోతుంది. రాత్రి 8కి రమ్మన్నారనుకోండి, మీ ఫోనులో 7:45 చూసుకుని తీరిగ్గా వస్తుంటే ఓడలో అప్పటికే 8:45 అయి ఉంటుంది. ఓడ ఎవరి కోసమూ ఆగదు. చేతికి మామూలు వాచీ పెట్టుకుని, దిగే ముందు గ్యాంగ్‌వే దగ్గర కనిపించే ఓడ టైముకు సరిచేసుకోండి. ఫోనులో ఆటోమేటిక్ టైమ్ కూడా ఆపేయండి.

ఓడలో క్రిస్మస్ అంటే రద్దీ కూడా. పిల్లలున్న కుటుంబాలన్నీ ఆ వారమే వస్తాయి. మధ్యాహ్నం 12:30కి బఫేకి వెళ్తే ప్లేటు పట్టుకుని చోటు కోసం తిరగాలి, 11:45కి వెళ్తే కిటికీ పక్కన కూర్చోవచ్చు. పిల్లల క్లబ్బులు వయసుల వారీగా ఉంటాయి, మీ ఇద్దరూ వేర్వేరు గుంపుల్లో పడతారు. ఎక్కిన మధ్యాహ్నమే పేర్లు నమోదు చెయ్యండి. రాత్రి భోజనానికి రెండు పంక్తులుంటే ముందు పంక్తి అడగండి.

కేబిన్ దగ్గర చాలామంది బాల్కనీ కోసం డబ్బు పోసి, అది ఎక్కడుందో చూడరు. ఓడను తూగుడు బల్ల అనుకోండి. కొసలు ఎక్కువ లేస్తాయి, మధ్య దాదాపు కదలదు. మీ కడుపుకు కావాల్సింది ఓడ పొడవులో నడిమి భాగం, కింది అంతస్తు. పై అంతస్తులో ముందు కొసన ఉన్న బాల్కనీ గదికన్నా కింద నడిమిలో ఉన్న కిటికీ గది మీకు వెయ్యి రెట్లు మేలు. ఏ అంతస్తులో ఏముందో చూపే పటం, అంటే డెక్ ప్లాన్, అడిగి మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పైన ఈతకొలను ఉంటే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటరో డాన్సు హాలో ఉంటే అర్ధరాత్రి దాకా మోత. రెండు వైపులా గదులే ఉన్న అంతస్తు ప్రశాంతం. లిఫ్టుకు దగ్గరగా తీసుకోండి, పెద్ద ఓడలో వరండా పొడవు అత్తయ్యగారి మోకాళ్లకు చాలా ఎక్కువ.

ఐదుగురు పట్టే గదులు తక్కువ, ఉన్నా ఖరీదు. రెండు గదులు తీసుకోండి, అత్తయ్యగారు, పాప ఒక గది, మీరిద్దరూ బాబూ ఒక గది. రేటు ఎప్పుడూ ఇద్దరి లెక్కన ఉంటుంది, మూడో మనిషికి సాధారణంగా తగ్గుతుంది. ఎదురెదురు గదులో, మధ్య తలుపున్న జంట గదులో అడగండి. జంట గదులు క్రిస్మస్‌కి ముందే అయిపోతాయి.

డబ్బు దగ్గర, ఏజెంటు చెప్పిన రేటులో ఏముందో ఏం లేదో వరసగా అడగండి. రేవు పన్నులు కలిపాడా? పండుగ సర్‌ఛార్జి కలిపాడా? టిప్పులు కలిపాడా? ఓడ సిబ్బందికి టిప్పు మన ఇష్టం కాదు, రోజుకు మనిషికి ఇంత అని బిల్లులోనే వేస్తారు, పిల్లలకు కూడా. 16 డాలర్లు అనుకుంటే ఐదుగురికి 4 రాత్రులకు 320 డాలర్లు, 6 రాత్రులకు 480. మూడోది చవక అన్న లెక్కలో ఇది, వీసాలు, అదనపు రోజుల ఖర్చు కలిపితే తేడా ఏ మాత్రం మిగులుతుందో మీరే చూడండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని కొంత పన్ను ముందే వసూలు చేస్తారు. అది పాన్ నంబరు మీద జమవుతుంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. కాబట్టి రిటర్ను వేసేవారి పేరు మీదే బుక్ చెయ్యండి.

పండుగ ప్రయాణాలకు పూర్తి డబ్బు సాధారణంగా 75 నుంచి 90 రోజుల ముందే కట్టాలి. మీ 23వ తేదీకి 90 రోజుల ముందంటే సెప్టెంబరు 24, 75 రోజుల ముందంటే అక్టోబరు 9. ఆ తేదీ దాటాక మానుకుంటే కోత పెరుగుతూ పోతుంది. ప్రయాణ బీమా డబ్బు కట్టిన వారంలోనే తీసుకోండి, అందులో క్రూజ్ కవర్ ఉందో లేదో చూడండి, అత్తయ్యగారి బీపీ తప్పకుండా రాయించండి. ఓడలో డాక్టరు ఉంటారు కానీ ఫీజు డాలర్లలో, వెంటనే కట్టాలి. దాచిన జబ్బుకు బీమా రాదు.

తిండి సంగతి బుకింగ్‌లోనే చెప్పాలి. ‘వెజ్’ అంటే ఉల్లి, వెల్లుల్లి వేస్తారు. ఓడ వంటవాళ్లకు అర్థమయ్యే మాట ‘జైన్ మీల్’. అందులో దుంప కూరలు కూడా ఉండవు, అయినా అత్తయ్యగారికి అదే దగ్గర. కనీసం నెల ముందు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎక్కిన మొదటి రాత్రి భోజనశాల పెద్దను కలిసి మళ్లీ చెప్పండి. మర్నాటి భోజనం ముందు రాత్రే చెప్పి పెట్టుకుంటే వేడిగా చేసిస్తారు. ఏకాదశి ఉపవాసం వస్తే పళ్లకు కొదవ ఉండదు. ఇంట్లో కలిపిన పులిహోర, చపాతీలు ఓడలోకి రానివ్వరు. కంపెనీ సీలు వేసిన పచ్చడి సీసా, పొడుల ప్యాకెట్లు సాధారణంగా రానిస్తారు. రైస్ కుక్కరు, కరెంటు కెటిల్, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్తే స్కానింగ్‌లో పట్టుకుని దిగే రోజు దాకా వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు.

పొడులంటే ఒక హెచ్చరిక. సింగపూర్‌లో గసగసాలు మత్తుపదార్థాల చట్టం కింద నియంత్రణలో ఉన్నాయి, అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. మన కూరపొడుల్లో, మసాలాల్లో, కొన్ని మిఠాయిల్లో గసగసాలు ఉంటాయి. సీలు వేసిన ప్యాకెట్టు వెనక పదార్థాల పట్టిక చదివి, గసగసాలు ఉన్నవి ఇంట్లోనే వదిలేయండి. చూయింగ్ గమ్, నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు కూడా అక్కడ నిషేధమే.

మీ కడుపుకు ప్రోమెథజైన్, మెక్లిజైన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. వికారం మొదలయ్యాక వేసుకుంటే వాంతిలో పోతుంది, ఓడ కదలడానికి కనీసం గంట ముందు వేసుకోవాలి. మగత వస్తుంది. అత్తయ్యగారు బీపీ మందులు వాడుతున్నారు, కంటి ఒత్తిడి సమస్య ఉందేమో కూడా చూడాలి కాబట్టి ఆవిడకు మాత్రం డాక్టరును అడక్కుండా వెయ్యొద్దు. ఆవిడ రోజువారీ మందులు చేతి సంచిలో ఉండాలి. రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి వచ్చేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది.

కాగితాల్లో మొదటిది పాస్‌పోర్టు. తిరిగొచ్చే తేదీకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. పెద్దలవి పదేళ్లు కాబట్టి గుర్తుంటాయి, పిల్లలవి ఐదేళ్లకే ముగుస్తాయి, అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, గడువు చాలకపోతే ఇప్పుడే రెన్యువల్‌కి పెట్టండి. రెండోది పేరు. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు పూర్తిగా, ఒకరికి పొడి అక్షరం, ఒకరికి ఆ గడి ఖాళీ. విమానం టికెట్, క్రూజ్ టికెట్, వీసా మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. అత్తయ్యగారిది ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే డబ్బు కట్టకముందే ఏజెంటుకు చూపించండి.

సింగపూర్ వీసా అధీకృత ఏజెంట్ల ద్వారా వస్తుంది, ప్రయాణానికి నెల ముందు పెట్టండి. ఓడ దేశం దాటి వెళ్లి 27న మళ్లీ సింగపూర్ వస్తుంది. అది రెండో ప్రవేశం. కాబట్టి వీసాలో మల్టిపుల్ అని ఉందో లేదో రాగానే చూడండి. సింగపూర్ అరైవల్ కార్డు, అంటే రాక వివరాల పత్రం, కూడా ఆన్‌లైన్‌లో రెండుసార్లు నింపాలి, విమానంలో దిగేటప్పుడు ఒకసారి, ఓడలో తిరిగొచ్చేటప్పుడు ఒకసారి, రాకకు మూడు రోజుల లోపు. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైటు అసలైనది కాదు. మలేషియా భారతీయులకు ఇచ్చిన వీసా మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంది. థాయిలాండ్ నిబంధన టికెట్ తీసుకునే రోజు ఒకసారి, బయలుదేరే పది రోజుల ముందు ఇంకోసారి సరిచూసుకోండి.

విమానం 23న ఎక్కి అదే రోజు ఓడ అందుకోవాలని చూడకండి. 22నే సింగపూర్‌లో ఉండాలి. సింగపూర్ విమానానికి మనకు దగ్గర చెన్నై. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మూడున్నర, నాలుగు గంటలు. కానీ చెన్నైకి డిసెంబరు గండం ఉంది. 2015 డిసెంబరు వరదల్లో ఆ విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకు రన్‌వే మునిగింది. 2024 నవంబరు 30న ఫెంగల్‌కి మళ్లీ మూసేశారు. 20వ తేదీ దాటాక ఈ బెడద తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. 18 నుంచే వాతావరణ శాఖ బులెటిన్ చూస్తూ ఉండండి. అల్పపీడనం బలపడుతోందంటే బెంగళూరు నుంచి మార్చుకోవడానికి వీలైన టికెట్ తీసుకోవడం మంచిది. బెంగళూరుకు ఆ నెలలో తెల్లవారుజామున పొగమంచు పడుతుంది కాబట్టి అక్కడి నుంచైతే పగటి విమానం చూడండి.

సింగపూర్‌లో పెద్ద ఓడలు ఎక్కువగా మరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి కదులుతాయి. హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఇంకో రేవు ఉంది, పేర్లు కలగాపులగం చేసి టాక్సీలో అక్కడికి పోయేవాళ్లుంటారు. టికెట్ మీద ఉన్న పేరే టాక్సీవాలాకు చూపించండి. అత్తయ్యగారికి చక్రాల కుర్చీ విమానంలో, రేవులో, రెండు చోట్లా విడివిడిగా ముందే అడగాలి, ఒకరికి చెబితే రెండోవాళ్లకు తెలియదు. ఓడ కదలగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, పాప ఫోను కూడా. సముద్రం మీద ఫోను ఓడ సొంత నెట్‌వర్కును పట్టుకుంటే మామూలు రోమింగ్ ప్యాకు దానికి వర్తించదు, బిల్లు వేలల్లో వస్తుంది. 27 ఉదయం ఓడ 7కి ఆనినా, ఐదుగురు దిగి పెట్టెలు వెతుక్కుని ఇమిగ్రేషన్ దాటేసరికి 9:30, 10 అవుతుంది. చెన్నై విమానం మధ్యాహ్నం 2 తర్వాతది తీసుకోండి.